గ్యాస్ ఎక్కడికి పోయింది?

మొన్న ఏప్రిల్‌లో మా రూముకి వచ్చిన ఏసీ మెకానిక్ ఔట్‌డోర్ యూనిట్‌కి గేజ్ తగిలించి, ముల్లు వైపు ఒక్క చూపు చూసి, "గ్యాస్ అయిపోయింది తమ్ముడూ" అన్నాడు. రూములో ఉండేది నలుగురం. ఇద్దరం మెకానికల్, ఒకడు ఈఈఈ, ఒకడు సివిల్. నలుగురం ఒకే గొంతుతో "ఎంతవుద్ది అన్నా?" అన్నాం. మూడు వేలన్నాడు. బేరమాడి రెండున్నర వేలకి దించి, తలా కొంచెం వేసుకుని ఇచ్చేశాం. పావుగంటలో పని అయిపోయింది. చల్లగాలి వచ్చింది. అందరం ఖుషీ.

తమాషా ఏంటంటే ఆ వారంలోనే నాకు రిఫ్రిజిరేషన్ మిడ్ పరీక్ష. కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ డివైస్, ఇవాపొరేటర్ అని నాలుగు డబ్బాలు గీసి, బాణాలు పెట్టి, మళ్లీ మొదటి డబ్బాకే తెచ్చి కలిపాను. ఆ బాణాల్లో ఒక్కటి కూడా బయటికి పోదు. మార్కులు బాగానే పడ్డాయి. మూసిన గొట్టంలో తిరిగే గ్యాస్ "అయిపోవడం" ఏంటి అని మాత్రం నాకు తట్టలేదు. గ్యాస్ పెట్రోలు కాదు, తగలబడి పని చేయడానికి. సైకిల్ చెయిన్ లాంటిది. చెయిన్ అరిగితే మారుస్తాం, తెగితే అతికిస్తాం, అంతేగానీ "చెయిన్ అయిపోయింది, ఇంకో జానెడు పోయండి" అనం కదా. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉంది. చిల్లు వెతక్కుండా పోసింది మళ్లీ ఆ చిల్లులోంచే పోతుంది.

పోయింది కూడా. జూన్ రెండో వారానికల్లా మా ఏసీ మళ్లీ ఫ్యాన్ అయిపోయింది.

మా రూము పోరంకి వైపు, మూడో అంతస్తు, పైన స్లాబే. ఎండ రోజంతా ఆ స్లాబు తాగి రాత్రంతా మా మీదకి వదులుతుంది. ఏసీ ఒకటిన్నర టన్ను స్ప్లిట్, ఆర్-32 గ్యాస్‌ది, సీనియర్లు పాసై పోతూ పోతూ మాకు అమ్మేసింది. రెండోసారి వీధి చివర ఫ్రిజ్‌లు రిపేరు చేసే అన్నని పిలిచాం. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆయన సంచిలోంచి గేజ్ తియ్యలేదు. టార్చ్ అడిగాడు. ఔట్‌డోర్ యూనిట్ పక్కన రెండు రాగి పైపులు వచ్చి బిగిసే చోట టార్చ్ కొట్టి, వేలు పెట్టి తుడిచి, ఆ వేలు మాకు చూపించాడు. నల్లటి జిడ్డు.

ఇది మా పుస్తకంలో లేదు. కంప్రెసర్‌లోని ఆయిల్ కొంచెం గ్యాస్‌తో పాటే పైపుల్లో తిరుగుతుంటుంది. గ్యాస్ తప్పించుకుపోయిన చోట ఆ ఆయిల్ మిగిలిపోతుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. అంటే చిల్లు తన అడ్రస్ తనే రాసిపెట్టి ఉంచుతుంది. సబ్బు నురగ రాస్తే బుడగలు వచ్చాయి, పక్కా అయింది. లోపం ఫ్లేర్ నట్ దగ్గర. రాగి పైపు చివర బూరలాగా విప్పి, నట్టుతో వాల్వు మీదకి నొక్కి బిగిస్తారు. పైపు వంకరగా కోసినా, కోసిన అంచులో రజను ఉన్నా, నట్టు మరీ బిగించి బూర చిట్లినా, లీకే. మా ఏసీ సీనియర్ల రూము నుంచి మా రూముకి వచ్చినప్పుడు ఎవరో హడావుడిగా బిగించి పోయారన్నమాట.

అన్న పైపు చివర కోసి, అంచు శుభ్రం చేసి, కొత్త బూర విప్పాడు. తర్వాత నైట్రోజన్ ఎక్కించి, గేజ్ ముల్లు దిగుతుందో లేదో అరగంట చూశాడు. దిగలేదు. నైట్రోజన్ వదిలేసి వాక్యూమ్ పంపు తగిలించి నలభై నిమిషాలు నడిపాడు. పంపు ఆపేశాక మళ్లీ ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాడు. మావాడొకడు విసుగ్గా "ఇదంతా అవసరమా అన్నా, పోయినసారి అతను పావుగంటలో చేశాడు" అన్నాడు. అన్న ఏం మాట్లాడలేదు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఎందుకంటే దానికి జవాబు నాకు తెలుసు. పైపులో గాలి మిగిలితే అది కండెన్సర్‌లో ద్రవం కాదు, ఊరికే ప్రెజర్ పెంచుతూ కూర్చుంటుంది. తేమ మిగిలితే ఇంకా పాపం. ఆర్-32 మెషీన్లలో వాడే పీఓఈ లాంటి ఆయిల్స్ తేమను స్పంజిలా పీల్చుకుంటాయి, ఆమ్లం తయారవుతుంది, కంప్రెసర్ లోపలి వైండింగ్‌ని తినేస్తుంది. ఇదంతా వైవాలో చెప్పగలను. మా రూములో మొదటిసారి వాక్యూమ్ ఎందుకు చెయ్యలేదని అడగలేకపోయాను.

ఆఖరికి సిలిండర్‌ని త్రాసు మీద పెట్టి గ్యాస్ ఎక్కించాడు. నేమ్‌ప్లేట్ మీద ఉన్నది 820 గ్రాములు, పోసింది 820 గ్రాములు. మొదటాయన గేజ్ చూసి అందాజాగా పోశాడు. పాత ఆర్-22 మెషీన్ల మీద పని నేర్చుకున్న చేతికి ఆ నంబర్లే గుర్తుంటాయి. బయట 35 డిగ్రీలున్నప్పుడు ఆగి ఉన్న మెషీన్‌లో ఆర్-22 ప్రెజర్ 13 బార్‌ల చుట్టుపక్కల ఉంటే, ఆర్-32 ది 21 దాటుతుంది. పాత గేజ్, పాత హోస్ పైపు, పాత అలవాటు ఇక్కడ పనికిరావు. త్రాసు అబద్ధం చెప్పదు.

మొత్తం రెండున్నర గంటలు పట్టింది. నాలుగున్నర వేలు అడిగాడు.

ఇక్కడిదాకా చదివి "సరే, మంచి మెకానిక్‌ని పట్టుకోండి అంటావు, అంతేగా" అనుకుంటే, కాదు. అసలు విషయం ఆ రెండున్నర గంటలూ ఆయన ఎక్కడ నిలబడ్డాడు అన్నది.

మా ఔట్‌డోర్ యూనిట్ కిటికీ పక్కన బయటి గోడకి బ్రాకెట్ల మీద ఉంటుంది. కింద ఒక సన్‌షేడ్, మూరెడు వెడల్పు కూడా ఉండదు. అన్న చెప్పులు విప్పి, గ్రిల్ తలుపు తీసి, కిటికీలోంచి బయటికి దిగాడు. నేను లోపలి నుంచి స్పానర్లు అందిస్తున్నాను. నైట్రోజన్ హోస్ బిగించేటప్పుడు సన్‌షేడ్ అంచు పెచ్చు ఒకటి ఊడింది. ఆయన కాలు జారింది. రెండు చేతులతో బ్రాకెట్ పట్టుకున్నాడు. బ్రాకెట్ కదిలింది, కానీ ఊడిరాలేదు. కింద ఎవరిదో బైకు ట్యాంకు మీద పెచ్చు పడి టప్‌మని చప్పుడైంది. అంతా కలిపి రెండు సెకన్లు ఉంటుందేమో. ఆయన కాలు సర్దుకుని, "ఆ పది నంబర్ స్పానర్ ఇయ్యి" అన్నాడు.

"బెల్టు లేదా అన్నా?" అని అడిగాను. గొంతు సరిగ్గా రాలేదు.

"బండిలో ఉంది. తెచ్చి ఎక్కడ కట్టమంటావ్?"

చూశాను. కిటికీ గ్రిల్ నాలుగు చిన్న స్క్రూల మీద ఉంది, అది మనిషి బరువు ఆపదు. గోడకి హుక్కు లేదు. పైన పిట్టగోడకి రింగు లేదు. మా సివిల్ వాడు కూడా చూశాడు. వాడు ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ తర్వాత గంటన్నరకి, పని అయిపోయాక, నేను ఆయనతో బేరమాడాను. మూడొందలు తగ్గించమన్నాను. తగ్గించాడు. ఇది రాయకపోతే ఈ వ్యాసం మొత్తం అబద్ధం అవుతుంది కాబట్టి రాస్తున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. ఏసీ సర్వీసు అంటే మనం కొనేది చల్లదనం అనుకుంటున్నాం. నిజానికి కొంటున్నది ఆ మనిషి టైము. లీకు వెతకడానికి టైము కావాలి, నైట్రోజన్ నిలబెట్టడానికి టైము కావాలి, వాక్యూమ్‌కి టైము కావాలి, బెల్టు కట్టుకోవడానికీ, కట్టడానికి చోటు వెతకడానికీ టైమే కావాలి. మే నెలలో రోజుకి ఏడెనిమిది ఇళ్లు తిరిగే మనిషి దగ్గర మనం డబ్బులు తగ్గించిన ప్రతిసారీ ఆయన తగ్గించుకోగలిగింది ఒక్క టైమునే. అందుకే "గ్యాస్ అయిపోయింది" అనే మాటా, బెల్టు లేకుండా సన్‌షేడ్ ఎక్కడమూ వేర్వేరు జబ్బులు కావు. రెండిటికీ మనమే గిరాకీ.

"మెకానిక్‌లు మోసం చేస్తారు, నువ్వేమో వాళ్లని వెనకేసుకొస్తున్నావు" అని మా రూములోనే అన్నారు. చేసేవాళ్లు చేస్తారు. కానీ మోసం నిలబడేది మనం అడగకపోవడం మీదే. లీకు ఎక్కడుందో చూపించమని అడిగితే చాలు, సగం మోసం అక్కడే ఆగిపోతుంది. "స్టూడెంట్లం, అన్ని డబ్బులు ఎక్కడివి" అనే మాట కూడా నిజమే, నేనూ హాస్టల్ మెస్ బిల్లు ఎగ్గొట్టాలని చూసిన రకమే. కానీ లెక్క వెయ్యండి. రెండు నెలలకోసారి రెండున్నర వేలా, ఒకేసారి నాలుగున్నర వేలా? మాకు జూన్ నుంచి ఇప్పటిదాకా మళ్లీ గ్యాస్ మాట రాలేదు. పోయిన గ్యాస్ సంగతి వేరే. నూరేళ్ల లెక్కలో ఆర్-32 కార్బన్ డయాక్సైడ్‌కి 675 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. 820 గ్రాములూ గాల్లో కలిస్తే 550 కేజీల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ పేపర్లో మనం రాసే వ్యాసాలన్నీ ఈ ఒక్క నట్టు దగ్గర కొట్టుకుపోతాయి.

అసలు మెకానిక్‌ని పిలవాల్సిన అవసరం తగ్గించుకోవడం కూడా మన చేతిలో ఉంది, అది చెప్పకుండా నీతులు చెప్తే బాగోదు. ఇండోర్ యూనిట్ మూత ఎత్తితే వచ్చే జాలీ ఫిల్టర్లని వేసవిలో పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకరపోతుంది. ఇది పది నిమిషాల పని. ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గి, కాయిల్ మరీ చల్లబడి, దాని మీద ఐసు కడుతుంది. గ్యాస్ తగ్గినా ఐసే కడుతుంది. అందుకే ఐసు చూడగానే "గ్యాస్" అనేవాడిని "ముందు ఫిల్టరు చూద్దామా అన్నా" అనండి. ఇండోర్ నుంచి గోడ మీదకి నీళ్లు కారుతుంటే తొంభై శాతం డ్రెయిన్ పైపులో పాకుడు పట్టి ఉంటుంది (తొంభై అన్నది మా హాస్టల్ లెక్క, సర్వే కాదు). ఔట్‌డోర్ యూనిట్ ముందు తువ్వాళ్లు ఆరేయకండి, అది వేడి వదలాల్సిన చోటు. మాది మచిలీపట్నం. అక్కడ ఉప్పుగాలికి ఔట్‌డోర్ రెక్కలు మూడేళ్లకే పొడి పొడిగా రాలడం చూశాను. సముద్రం పక్క ఊళ్లవాళ్లు అప్పుడప్పుడూ మంచినీళ్లతో మెల్లగా కడిగించుకుంటే మంచిది, యాసిడ్ కలిపిన నీళ్లతో మాత్రం వద్దు. రెక్కలు అల్యూమినియంవి.

16లో పెడితే త్వరగా చల్లబడుతుందని నమ్మే మా రూమ్మేట్ ఒకడున్నాడు. నాన్-ఇన్వర్టర్ మెషీన్‌లో 16 అన్నా 24 అన్నా కంప్రెసర్ తిరిగేది ఒకే వేగంతో. ఎక్కువసేపు తిరుగుతుంది, అంతే. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 చూపించాలని రూలు ఊరికే పెట్టలేదు. వాడు దుప్పటి కప్పుకుని మరీ 16 పెడతాడు. వాడితో వాదించడం మానేశాను.

ఇంక చెయ్యకూడనివి. ఫిల్టరు దాకా మన పని. ఔట్‌డోర్ మూత విప్పడం మన పని కాదు, ఈఈఈ అయినా సరే. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో ఛార్జి ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీ అయితే లోపల డీసీ వైపు 300 వోల్టుల పైనే నిలిచి ఉంటుంది, దిగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. రిమోట్‌తో ఆపితే ఆగినట్టు కాదు. మెకానిక్ చెయ్యి లోపల పెట్టినప్పుడు మనం చెయ్యగలిగిన గొప్ప సాయం ఒకటుంది: ప్లగ్ పీకి, మన కళ్ల ముందే పెట్టుకుని కూర్చోవడం. ఎంసీబీ అయితే దింపి దాని మీద కాగితం అంటించండి. నిద్రలేచి వచ్చినవాడు "కరెంటు పోయిందేంట్రా" అని దాన్ని పైకి లేపడం హాస్టల్లో ఎంత మామూలో మనకి తెలుసు. అలాగే ఏసీని ఫోన్ ఛార్జర్లు పెట్టే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడిపేవాళ్లు మన కాలేజీలోనే ఉన్నారు. 16 యాంప్ సాకెట్, దానికి తగ్గ రాగి తీగ, ఎర్తింగ్ లేకపోతే ఆ రూములో ఏసీ వద్దు. కూలర్ కొనుక్కోండి.

అన్నిటికన్నా భయపెట్టేది రూము మారేటప్పుడు వీడియోలు చూసి ఏసీ మనమే విప్పేయడం. విప్పే ముందు గ్యాస్‌ని ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగి బంధించాలి, దాన్నే పంప్ డౌన్ అంటారు. ద్రవం వెళ్లే వాల్వు మూసి కంప్రెసర్ నడుపుతారు, గ్యాస్ వచ్చేశాక రెండో వాల్వు మూసి వెంటనే ఆపుతారు. ఆపకుండానే పైపు వదులు చేస్తేనో, ఎక్కడో లీకు ఉంటేనో కంప్రెసర్ గాలిని పీలుస్తుంది. లోపల ఆయిల్ ఉంది, ఇప్పుడు గాలి వచ్చింది, ముందు దారి మూసి ఉంది, పిండుతూనే ఉంది. మెకానికల్ వాళ్లకి ఇంకా చెప్పాలా? అది డీజిల్ ఇంజన్, పొగ గొట్టం లేని డీజిల్ ఇంజన్. జపాన్‌లో ఇలా కంప్రెసర్లు పేలి మనుషులు గాయపడ్డారు. లీకు టెస్టుకి నైట్రోజన్ బదులు వెల్డింగ్ షాపు ఆక్సిజన్ వాడినా ఇంతే సంగతి, ఒత్తిడిలో ఆక్సిజన్‌కి ఆయిల్ తగిలితే చాలు.

గ్యాస్ పేరు కూడా చూసుకోవాలి. ఆర్-32 అంత తేలిగ్గా అంటుకోదు గానీ అంటుకుంటుంది, మంట తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువు వస్తుంది. గాలి కన్నా బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది. ఆర్-290 అయితే ప్రొపేనే, మన వంటింటి సిలిండర్‌లోని గ్యాస్‌కి చుట్టమే. ఒకదాని మెషీన్‌లో ఇంకోటి పొయ్యకూడదు. పైపులో గ్యాస్ ఉండగా బ్రేజింగ్ మంట వెలిగించకూడదు. కిటికీలు తెరిచి ఉండాలి. మా అన్న దగ్గర కళ్లద్దాలు లేవు, గ్లౌజులు లేవు. ద్రవంగా బయటికొస్తే ఆర్-32 మరిగేది సున్నాకి 50 డిగ్రీలకు పైగా కిందనే, వేలి మీద పడితే ఆ చర్మం గడ్డకట్టుకుపోతుంది. ఆయన కుడిచేతి చూపుడువేలి మీద తెల్లటి మచ్చ ఒకటుంది. అడగలేదు.

2019లో కేంద్రం తెచ్చిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో లక్ష మంది సర్వీసు టెక్నీషియన్లకి శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నారు. మంచిదే. కానీ ఎంత నేర్చుకుని వచ్చినా ఆ టెక్నీషియన్ దిగాల్సింది మా కిటికీలోంచే. బిల్డింగ్ ప్లాన్ గీసేటప్పుడు ఔట్‌డోర్ యూనిట్ ఎక్కడ పెడతారు, దాన్ని బాగు చేసేవాడు ఎక్కడ నిలబడతాడు అని గీసినవాడు ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే సరిపోయేది. రేపు ఆ ప్లాన్లు గీయబోయేది మన సివిల్ బ్యాచే. సారీ తమ్ముళ్లూ, మిమ్మల్ని అనక తప్పదు.

మా సివిల్ వాడు దీని మీద ఒక స్కెచ్ వేశాడు. యూనిట్‌ని మేడ మీదకి మార్చేయడం. మాది పై అంతస్తే కాబట్టి పైపు మహా అయితే నాలుగు మీటర్లు పెరుగుతుంది, మాన్యువల్‌లో ఇచ్చిన పొడవు, ఎత్తు రెండిటికీ లోపలే ఉంది. కొంచెం గ్యాస్ అదనంగా కలపాలి. అన్నకి చూపిస్తే స్కెచ్ తిప్పి తిప్పి చూసి, "ఇట్లైతే నేను కుర్చీ ఏసుకుని చేస్తా" అని నవ్వాడు. స్టాండు, పైపు ఖర్చు మాదేనని ఓనర్ గారికి చెప్పాం. స్లాబు మీద బోల్టులు కొడితే చెమ్మ దిగుతుందేమోనని ఆయన అనుమానం. బోల్టులు అక్కర్లేదు, సిమెంటు దిమ్మెల మీద స్టాండు పెడతామని మావాడు చెప్పాడు. దసరా వెళ్లాక చూద్దామన్నారు.

సన్‌షేడ్ ఇంకా అలాగే ఉంది. పెచ్చు ఊడిన చోట తుప్పు పట్టిన చువ్వ బయటికి కనిపిస్తోంది.